ఈ కత్తిది ఏ ఊరు?

అమెరికాలో ఏ వస్తువునైనా ట్రక్కెక్కించాలంటే ముందు అదేమిటో చెప్పాలి. అదేం పెద్ద విషయం, పెట్టె మీద రాస్తే పోలా అనుకుంటాం. అంత సులువు కాదు. దానికో పుస్తకం వుంది, పేరు నేషనల్ మోటార్ ఫ్రైట్ క్లాసిఫికేషన్. లోకంలో వున్న సరుకునంతా 50 నించి 500 వరకు 18 తరగతులుగా విడగొడుతుందది. ఇటుకల్లాంటి బరువైన మొండి సరుకు 50 వైపు, పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గాలి సరుకు 500 వైపు. అంకె పెరిగిన కొద్దీ పౌనుకి పడే కిరాయి పెరుగుతుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక ట్రక్కు కంపెనీకి ఈ కిరాయి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ రాసే ప్రాజెక్టులో కన్సల్టెంటుగా వున్నాను. కంపెనీ ఖాతాదారుల్లో పాత ఆయుధాలు అమ్మే వ్యాపారి ఒకాయన వుండేవాడు. ఆయన పంపే పెట్టెల్లో కత్తులుండేవి. కూరగాయలు తరిగేవి కాదు, గాజు అల్మారాల్లో పెట్టుకునేవి: పెర్షియా షంషీర్లు, రాజస్థానీ తల్వార్లు, జపాను కటానాలు, అమెరికా అంతర్యుద్ధం నాటి సాబర్లు. వాటి లెక్క సరిచూడడం కోసం చదవడం మొదలుపెట్టిన కాగితాలు ప్రాజెక్టు అయిపోయినా నన్ను వదల్లేదు. ఆ దారి పట్టుకుని వెనక్కి వెనక్కి వెళితే చివరికి నిజామాబాదు జిల్లాలో తేలాను. ఆ కథే చెప్పబోతున్నాను. కొంచెం తీరిగ్గా చదవండి.

ముందు ఈ తరగతులు ఎలా పుట్టాయో చూద్దాం. 19వ శతాబ్దంలో ఇక్కడ రైలు కంపెనీలదే రాజ్యం. ఎవరి సరుకుల జాబితా వాళ్ళది, ఎవరి రేట్లు వాళ్ళవి. పెద్ద వ్యాపారికి లోపాయికారీగా ఒక రేటు, పల్లెటూరి రైతుకి ఇంకో రేటు. రైతులు గోల పెట్టగా పెట్టగా 1887లో కాంగ్రెసు అంతర్రాష్ట్ర వాణిజ్య చట్టం చేసింది. ఆ తర్వాత జాబితాలు ముఖ్యంగా మూడయ్యాయి: ఈశాన్యానికి అఫీషియల్, దక్షిణాదికి సదరన్, పడమటికి వెస్టర్న్. 1935లో ట్రక్కులు కూడా ఆ చట్టం కిందికి వచ్చాయి, వాటికీ ఒక జాబితా వచ్చింది. చట్టాన్ని అమలు చేసిన కమిషన్ 1995 ఆఖరుకి మూతపడింది గానీ జాబితా మాత్రం నిక్షేపంగా వుంది. ప్రభుత్వాఫీసులు పోయినా వాటి ఫారాలు పోవని మనకి తెలియనిదా!

ఈ పుస్తకం ఏ సరుకునైనా నాలుగు ప్రశ్నలే అడుగుతుంది. ఎంత చోటులో ఎంత బరువు? పక్కన ఇంకో సరుకు సర్దనిస్తుందా? ఎత్తి దించడం కష్టమా? పోతే, పగిలితే, ఎవరికైనా గుచ్చుకుంటే ఎంత నష్టం? 2025 జులై 19 నించి చాలా సరుకులకి పేరుతో పనిలేకుండా మొదటి ప్రశ్న ఒక్కటే చూసే 13 మెట్ల సాంద్రత పట్టిక వచ్చింది. ఘనపుటడుగుకి ఇన్ని పౌన్లుంటే ఈ తరగతి, అంతే.

దీన్ని కత్తులకి పెట్టి చూడండి. అలంకారం కోసం ఇప్పటి ఫ్యాక్టరీల్లో చేసిన నకలు కత్తుల్ని అట్టపెట్టెల్లో ఒత్తుగా సర్ది, 48 అంగుళాల పొడవు, 40 వెడల్పు, 36 ఎత్తున్న దిమ్మగా కట్టారనుకుందాం. అది 40 ఘనపుటడుగులు. బరువు 640 పౌన్లుంటే సాంద్రత 16, పట్టిక ప్రకారం 70వ తరగతి. ఇప్పుడు పన్నెండు పాత కత్తులు తీసుకోండి. ఒక్కోటీ రెండున్నర పౌన్ల చొప్పున అన్నీ కలిపి 30 పౌన్లు. వాటిని జాగ్రత్తగా, దేని చోటు దానికి వదిలి, 60 అంగుళాల పొడవు, 30 వెడల్పు, 24 ఎత్తున్న చెక్కపెట్టెలో సర్దితే పెట్టె 25 ఘనపుటడుగులు. చెక్కా ఫోమూ కలుపుకుని బరువు 130 పౌన్లనుకుంటే సాంద్రత 5.2, అంటే 175వ తరగతి. కత్తిని ఎంత భద్రంగా పెడితే పెట్టెలో అంత గాలి, గాలి పెరిగిన కొద్దీ కిరాయి. ఈ పుస్తకానికి తెలిసింది గాలీ బరువూ మాత్రమే, కత్తి వయసు దానికి అనవసరం.

అలాగని గాలికి భయపడి ఇరికిస్తే కత్తి దక్కదు. పాత కత్తిని సర్దడం ఒక విద్య. మొదట బ్లేడుని చేతి తొడుగులతోనే పట్టుకోవాలి, మన చెమటలో వున్న ఉప్పు చాలు వేలిముద్ర ఆకారంలో తుప్పు పట్టడానికి. పల్చగా నూనెగానీ మైనంగానీ రాయాలి. తోలు ఒరలో వుంచి పంపితే తోలులో వున్న ఆమ్లం, అది పీల్చుకున్న తేమ కలిసి లోపల్లోపలే ఉక్కుని తినేస్తాయి, పైగా కుదుపులకి మొన ఒరని చీల్చుకుని బయటికొస్తుంది. కాబట్టి ఒర వేరు, కత్తి వేరు. ఆమ్లం లేని పల్చటి కాగితం చుట్టి, ఫోమ్‌లో కత్తి ఆకారంలో గాడి కోసి, పిడి దగ్గర కదలకుండా బిగించాలి. బరువంతా పిడి వైపు వుంటుంది, అది ఒక్క అంగుళం జరిగే వీలున్నా మొన మూడురోజుల ప్రయాణంలో పెట్టెని పొడుస్తూనే వుంటుంది. సముద్రం దాటేదైతే చెక్కపెట్టెకి కూడా పరీక్షే. చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి 30 నిమిషాలు తగిలించి ముద్ర వేయించాలి, చెక్కలో పురుగులు దేశాలు దాటకూడదని. అమెరికా ఈ నియమాన్ని 2005 సెప్టెంబరులో అమల్లో పెట్టింది.

అన్నట్టు పెట్టె బయట 'కత్తులు' అని రాయకూడదు, దొంగలకి శుభలేఖ పంపినట్టే. కానీ సరుకు కాగితం మీద మాత్రం నిజమే రాయాలి. ఎందుకంటే నాలుగో ప్రశ్న వుంది కదా, నష్టం. 1906 నాటి కార్మాక్ సవరణ ప్రకారం రాష్ట్రాల మధ్య సరుకు మోసేవాడు దారిలో పాడుచేస్తే అసలు నష్టం కట్టాలి. కాకపోతే పౌనుకి ఇంతని ముందే కాగితం మీద హద్దు పెట్టుకునే వీలుంది. రెండున్నర పౌన్ల కత్తికి పౌను లెక్కన ఎంతొస్తుందో మీరే చూసుకోండి, అది మొగలాయీల నాటిదైనా సరే. అందుకే చాలా ట్రక్కు కంపెనీలు పురాతన వస్తువులని చెబితే అసలు ఎక్కించుకోవు, వాటికి వేరే రవాణావాళ్ళు, వేరే బీమా వుంటాయి.

ఇది దేశం లోపలి సంగతి. దేశం బయటి నించి వచ్చేదైతే ఇంకో పుస్తకం వుంది, కస్టమ్స్ వాళ్ళది. ప్రపంచమంతా ఉమ్మడిగా వాడే అంకెల పద్ధతి అది. అందులో వంటింటి చాకులు, కొడవళ్ళు 82వ అధ్యాయం. ఖడ్గాలు, బాకులు, ఈటెలు, వాటి ఒరలతో సహా 93వ అధ్యాయం, 9307 అంకె. ఒకే కమ్మరి ఒకే కొలిమిలో పొద్దున కొడవలి, సాయంత్రం కత్తి చేశాడనుకోండి, రెండూ రెండు అధ్యాయాల్లోకి పోతాయి. గోడకి తగిలించుకోవడానికే చేసిందైనా కత్తి కత్తే. కానీ ఆ కత్తికి వందేళ్ళు దాటితే ఆయుధమన్న పేరు పోతుంది, 97వ అధ్యాయంలో 9706 కింద 'పురావస్తువు' అయిపోతుంది. 2022 నించి ఈ 9706ని కూడా రెండు చేశారు: 250 ఏళ్ళు దాటినవి ఒకటి, తక్కినవి ఒకటి.

ఈ వందేళ్ళ గీత కూడా ఆకాశం నించి ఊడిపడలేదు. 1930 సుంకాల చట్టంలో 1830కి ముందు చేసినవాటినే సుంకం లేని పురావస్తువులుగా ఒప్పుకున్నారు. 1966లో దాన్ని మార్చి వందేళ్ళు చేశారు, అంటే గీత ఏటా ఒక సంవత్సరం ముందుకి జరుగుతుంది. తుపాకులకి అలా కాదు, 1968 చట్టం ప్రకారం 1898లోగానీ అంతకు ముందుగానీ చేసినదే పురాతనం, ఆ గీత కదలదు. ఇదేదో కాగితం మీది గొడవ అనుకోకండి. 2003లో నేపాల్ రాజుల పాత ఆయుధాగారాన్ని జార్జియా, న్యూజెర్సీ రాష్ట్రాలకి చెందిన రెండు కంపెనీలు కలిసి కొనేశాయి. 50 వేలకి పైగా పాత తుపాకులు, వాటితో పాటు గూర్ఖాల కుక్రీలు. ఒక్కో తుపాకీ ఆ గీతకి ఇటు వుందా అటు వుందా అన్న దాని మీదే అది అమెరికాలో పురావస్తువా, మామూలు తుపాకీయా అన్నది తేలుతుంది. కుక్రీకి వేరే గీత, వేరే అధ్యాయం. కాఠ్మండులో ఒకే కప్పు కింద వున్న సరుకుకి రెండు న్యాయాలన్నమాట.

ఇక మన దేశం సంగతి. న్యూజెర్సీలో వుండే ఒక స్నేహితుడు, నిర్మల్ వైపు వాడు, ఒకసారి ఫోన్ చేశాడు.

"అన్నా, మా తాత కత్తి ఒకటి ఊళ్ళె అటక మీద పడి వున్నది. తుప్పు పడుతున్నదంట. నువ్వు గీ షిప్పింగు పని జేసినవ్ గద, ఇటు తెప్పియ్యొచ్చా?"

"ఎన్నేళ్ళుంటాయి?"

"తాతకు వాళ్ళ తాత ఇచ్చిండంట."

"అయితే కుదరదు తమ్ముడూ."

కుదరదు. భారతదేశంలో 1972లో చేసి 1976 నించి అమలు చేస్తున్న పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువుని కేంద్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప ఇంకెవరూ ఎగుమతి చేయకూడదు. సొంతానిదైనా, అమ్మకపోయినా సరే. పురావస్తువు కాదని పురావస్తు శాఖ సర్టిఫికెట్ ఇస్తేనే కదులుతుంది. చూశారా చిత్రం? రెండు దేశాల్లోనూ అదే వందేళ్ళ గీత. అది దాటగానే అమెరికా "సుంకం లేకుండా రానిస్తాను" అని తలుపు తీస్తుంది, ఇండియా "కదలనివ్వను" అని తలుపు మూస్తుంది. ఎవరి న్యాయం వారిది. పోగొట్టుకున్నవాడు మూస్తాడు, పోగుచేసుకునేవాడు తీస్తాడు. నాకైతే మన చట్టమే సబబనిపిస్తుంది, కాకపోతే అటక మీద తుప్పు పట్టకుండా చూసే బాధ్యత కూడా ఎవరైనా తీసుకోవాలి. స్నేహితుడికి చెప్పింది అదే: నూనె రాయించు, ఒరలోంచి తీయించు, పొడి బట్టలో చుట్టి పెట్టించు, పురావస్తు శాఖవాళ్ళకి చూపించు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. కస్టమ్స్ కాగితంలో ఒక గడి వుంటుంది, 'ఏ దేశంలో పుట్టింది' అని. 1890 నాటి మెకిన్లీ చట్టం నించి బయటి సరుకు మీద పుట్టిన దేశం పేరు ముద్ర వేయాలన్నారు. కత్తులు సేకరించేవాళ్ళకి ఇదో కొండగుర్తు: ఇంగ్లీషులో 'ఇండియా' అని ముద్ర వున్న కత్తి ఆ తర్వాత ఎగుమతి కోసం చేసినదై వుంటుందని. మరి ఇనుము ఒక దేశానిది, పని ఇంకో దేశానిది అయితే? దానికి 1908లో సుప్రీంకోర్టు ఒక దారి చూపించింది. బడ్‌వైజర్ బీరు చేసే కంపెనీ స్పెయిన్ నించి బిరడాలు తెప్పించి, ఇక్కడ శుద్ధిచేసి, ఎగుమతి చేసే సీసాలకి బిగించి, "ఇవి మేం ఇక్కడ తయారుచేసినవే, కట్టిన సుంకం వెనక్కివ్వండి" అంది. కోర్టు ఇవ్వనంది. కడిగినా నానబెట్టినా బిరడా బిరడాయే. పేరో, స్వభావమో, వాడకమో మారి కొత్త వస్తువు పుడితేనే కొత్త పుట్టుక. నేటికీ పుట్టిన దేశం తేల్చడానికి ఈ సూత్రమే ఆధారం.

ఈ సూత్రాన్ని ఒక పెర్షియా షంషీరుకి పెట్టి చూస్తే మన కథ బయటపడుతుంది. ఆ కత్తుల్లో మేలైనవాటి మీద నీటి అలల్లాంటి చారలుంటాయి. లోకం దాన్ని డమాస్కస్ ఉక్కు అంటుంది. ఆ కత్తి కొట్టడానికి కావలసిన ఉక్కు ముద్దలు వెళ్ళిన చోట్లలో ముఖ్యమైనది గోల్కొండ రాజ్యం. ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే 17వ శతాబ్దంలోనే అలా చారలు తేలే ఉక్కు గోల్కొండ నించి వస్తుందని రాశాడు. మచిలీపట్నంలో కోఠీలు పెట్టుకున్న డచ్చివాళ్ళు ఈ ఉక్కుని ఓడలకెత్తారు. 1660ల్లో వచ్చిన తెవెనో ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లేలు చేసి దేశమంతా అమ్ముతారని రాశాడు. హైదరాబాదు నించి నాగపూరు రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి ఇందల్వాయి అంటే టోల్‌గేటు గుర్తొస్తుంది, కత్తులు గుర్తురావు.

ఇంకొంచెం లోపలికి వెళితే కోనసముద్రం. సర్వే పార్టీలో డాక్టరుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ 1820 ప్రాంతాల్లో ఆ ఊళ్ళో ఉక్కు తీయడం కళ్ళారా చూసి రాశాడు. 1824లో చనిపోయాడు, ఆ వ్యాసం 1832లో అచ్చయింది. రెండు చోట్ల ఇనుము తెచ్చి కలిపి, మట్టి మూసల్లో పెట్టి మూతి బిగించి, ఒక రోజంతా కొలిమిలో వుంచేవాళ్ళట. ఆ ఊళ్ళో ఆయనకి కనిపించినవాడు ఎవరనుకున్నారు? ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నించి వచ్చిన వర్తకుడు! ఈ ఉక్కుని మా దేశంలోనూ చేద్దామని చూశాం, కుదరలేదని అతనే చెప్పాడట. ఉక్కు ముద్దలు కొనుక్కుని అంత దూరం తీసుకెళ్ళేవాడు. సరుకు రవాణా అంటే అదీ!

ఇస్ఫహాన్‌లో ఆ ముద్దని సాగదీసి షంషీరు చేస్తే? పేరు మారింది, స్వభావం మారింది, వాడకం మారింది. 1908 నాటి సూత్రం ప్రకారం ఆ కత్తిది ఇరాన్ పుట్టుక. ఇందులో ఎవరి కుట్రా లేదు, సూత్రం న్యాయమైనదే, కత్తి చేసిన ఇరానీ కమ్మరిది తక్కువ పనేమీ కాదు. కానీ ఆ గడిలో ఒక్క పేరే పడుతుంది. మూస పెట్టిన కోనసముద్రం కమ్మరి ఆ గడికి బయటే మిగిలిపోతాడు.

పేరు కూడా అలాగే పోయింది. 1790ల్లో హెలెనస్ స్కాట్ అనే డాక్టరు బొంబాయి నించి లండనుకి ఈ ఉక్కు నమూనాలు పంపితే, 1795లో జార్జి పియర్సన్ రాయల్ సొసైటీ పత్రికలో దాన్ని 'వూట్స్' అని రాశాడు. మన తెలుగులోనూ కన్నడంలోనూ వున్న 'ఉక్కు' అన్న మాటే ఎక్కడో చెవిలోనో కలంలోనో దెబ్బతిని అలా అయిందని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఫారడే అంతటివాడు కొన్నేళ్ళు దాని గుట్టు తెలుసుకోవాలని కొలిమి ముందు కూర్చున్నాడు. ఉక్కు కోసం 1966లో వీధులకెక్కిన విశాఖపట్నం మాది. అలాంటి నేను ఉక్కు అన్న మాట ఇంగ్లీషు పుస్తకాల్లోకి వెళ్ళి రెండు వందల ఏళ్ళు దాటిందని తెలుసుకున్నది ఒక ట్రక్కు కంపెనీ గుబురు కాగితాల వల్ల!

ఆ గుట్టు కొంతవరకు విప్పింది కూడా అమెరికాలోనే. అయోవా స్టేట్ యూనివర్సిటీలో లోహశాస్త్రం చెప్పిన వెర్హోవెన్, ఫ్లోరిడాలో కత్తులు చేసే ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి 1990ల్లో మూస ఉక్కు చేసి ఆ చారలు తెప్పించారు. 1998లో వాళ్ళు రాసిన దాన్ని బట్టి చారలకి కారణం ఇనుములో అతి స్వల్పంగా కలిసి వుండే వనేడియంలాంటి మూలకాలు. అంటే పనితనంతో పాటు ఆ ఖనిజం దొరికిన నేల కూడా కత్తిలో వుందన్నమాట. కస్టమ్స్ గడిలో పట్టనిది లోహంలోనే రాసి వుంది.

న్యూయార్కు వెళ్ళినప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆయుధాల గదులు చూడండి. జార్జి కామెరాన్ స్టోన్ అనే మన లాంటి ఇంజినీరే, లోహాల పనివాడు, జీవితమంతా తూర్పు దేశాల ఆయుధాలు సేకరించి, 1934లో వాటన్నిటి పేర్లతో అకారాది నిఘంటువు అచ్చువేసి, 1935లో పోతూ పోతూ సేకరణని ఆ మ్యూజియానికి రాసిచ్చాడు. ప్రపంచంలో వున్న కత్తుల పేర్లన్నీ ఒక చోట చేర్చడం మామూలు పని కాదు. అయితే నిఘంటువులైనా, కిరాయి పుస్తకాలైనా, కస్టమ్స్ అధ్యాయాలైనా అడిగేది కత్తి ఆకారం, వయసు, బరువు, విలువ. ఉక్కు ఎక్కడిదని అడగాలంటే ఇంకో గడి కావాలి.

ఆ గడి నిజానికి వుంది. సరుకు జాబితాలో అంకెల పక్కన 'వివరణ' అని కొంచెం ఖాళీ చోటు వదులుతారు. అందులో ఎంతైనా రాసుకోవచ్చు, చట్టం అడ్డుపడదు. మ్యూజియం చీటీల మీదా అంతే. అలాగని చారలున్న ప్రతి కత్తినీ కోనసముద్రానికి రాసేయమనడం లేదు. మూస ఉక్కు మైసూరు వైపు, తమిళనాట, సింహళంలో, మధ్య ఆసియా మెర్వ్‌లో కూడా తీశారు. తేల్చాలంటే లోహాన్ని పరీక్షించాలి, ఊళ్ళో మిగిలిన చిట్టెంతో పోల్చాలి. 2010లో ఒక పరిశోధక బృందం ఉత్తర తెలంగాణ ఊళ్ళు తిరిగి చిట్టెం దిబ్బలు, పగిలిన మూసలు నమోదు చేసింది. అంతకు ముందు నించే హైదరాబాదు చరిత్రకారుడు జైకిషన్ ఆ ఊళ్ళ మీద పనిచేశారు. ఈ దిబ్బల్ని రోడ్డుకో పొలానికో చదును చేసేస్తే ఇక పోల్చడానికేమీ మిగలదు. న్యూయార్కులో అద్దాల వెనక వున్న కత్తిని ఎవరూ కదిలించలేరు. దాని ఊరు తేల్చగలిగిన సాక్ష్యం మాత్రం మన చేలగట్ల మీద, ఎవరి లెక్కలోనూ లేకుండా పడివుంది. అటు వైపు ఊళ్ళున్నవాళ్ళు ఈసారి వెళ్ళినప్పుడు, గాజులా మెరిసే నల్లటి చిట్టెం రాళ్ళు కనిపిస్తే, పారేయమని మాత్రం చెప్పకండి.